186 మొక్కల్లో మిగిలిన ఒక్క చామంతి

పై వీడియోలో మీరు చూసిన పసుపు చామంతికి ఇంకా పేరు లేదు. "అన్నా, ఈ రకం ఏ నర్సరీలో దొరుకుతుంది?" అని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. ఏ నర్సరీలోనూ దొరకదు. మా చేనులో, మేం కట్టించిన గింజ నుంచి పుట్టింది. నాలుగేళ్లు పట్టింది. వీడియోలో చెప్పలేకపోయిన సంగతులు, ముఖ్యంగా నేను చేసిన తప్పు, ఇక్కడ రాస్తున్నాను.

ఎందుకు మొదలుపెట్టాను

మాది చేవెళ్ల వైపు. అగ్రికల్చర్ డిప్లొమా చేసి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, ఇంటికొచ్చి ఎకరంన్నరలో పూలు పెట్టాను. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. పిలకలు ఎప్పుడూ బయటి నుంచే తెచ్చేవాణ్ని. రసాయనాలు మానేసిన మొదటి వానాకాలంలోనే సగం తోట ఎండు తెగులుతో పోయింది. పదిహేను రోజులకోసారి జీవామృతం ఇచ్చాను, గడ్డితో ఆచ్ఛాదన చేశాను. అయినా పోయింది.

నాయిన ఒక్కటే మాటన్నాడు: "మందు తాగి పెరిగిన మొక్కను తెచ్చి మజ్జిగ పోస్తానంటే బతుకుతదా?"

ఆలోచిస్తే నిజమే అనిపించింది. వారం వారం మందు కొట్టే తోటలో ఎంపిక చేసిన రకంలో మొక్క బలం ఎంతో, మందు బలం ఎంతో ఎవరికీ తెలియదు. మన పద్ధతిలో బతికే రకం కావాలంటే మన పద్ధతిలోనే ఎంపిక చేయాలి.

చామంతితో ఉన్న సుళువు

వరిలో రెండు రకాలు కలిపితే, గుణాలు స్థిరపడటానికి తరాల తరబడి ఎంపిక చేస్తూ పోవాలి. చామంతికి ఆ బాధ లేదు. మనం పెంచే రకాల్లో ఎక్కువ వాటికి క్రోమోజోములు ఆరు సెట్లుగా, మొత్తం 54 దాకా ఉంటాయి. అందుకే గింజ నుంచి వచ్చే ప్రతి మొక్కా వేరుగా ఉంటుంది. ఒకే పువ్వు గింజల్లోంచి పొట్టిది, పొడుగుది, ముద్దపువ్వు, రేకపువ్వు అన్నీ వస్తాయి. కానీ అందులో ఒక్క మంచి మొక్క దొరికితే చాలు. పిలకలతో, కొమ్మ ముక్కలతో పెంచితే అన్నీ తల్లిలాగే వస్తాయి.

గింజ ఎలా కట్టించాలి

చామంతి పువ్వు మనకు ఒక పువ్వులా కనిపిస్తుంది గానీ, అది వందల చిన్న పూల గుత్తి. చుట్టూ ఉన్న ఒక్కో రేక ఒక్కో ఆడపువ్వు. మధ్యలో పసుపు కన్నులో ఉన్నవాటికి ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. పుప్పొడి అక్కడే దొరుకుతుంది. బాగా ముద్దగా పూసే రకాల్లో కన్ను ఉండీ లేనట్టుంటుంది కాబట్టి పుప్పొడి తక్కువ. ఇంకో సంగతి, చామంతి తన పుప్పొడితో తాను సాధారణంగా గింజ కట్టదు. రెండు వేర్వేరు రకాలు కావాల్సిందే.

నేను తల్లిగా మా పెరట్లో ఏళ్లుగా ఉన్న నాటు పసుపు చామంతిని తీసుకున్నాను. పువ్వు చిన్నది, కానీ ఏ వానకూ చావదు. తండ్రిగా మార్కెట్ తెల్ల చామంతి, కన్ను కనిపించేది. 2021 డిసెంబరులో పని మొదలుపెట్టాను.

ముందుగా తల్లి పువ్వు రేకలను కత్తెరతో పొట్టిగా కత్తిరించాలి. అప్పుడు లోపల రెండుగా చీలిన చిన్న నాలుకల్లాంటి కీలాగ్రాలు బయటపడతాయి. పొద్దున మంచు ఆరాక మెత్తని బ్రష్‌తో తండ్రి పుప్పొడి అద్ది, కాగితపు కవరు కట్టాలి. పూలన్నీ ఒకేసారి విచ్చవు, అందుకే రోజు విడిచి రోజు రెండు మూడుసార్లు అద్దాలి. దాదాపు రెండు నెలల్లో పువ్వు తల ఎండి గింజ తయారవుతుంది. వాన తగలకూడదు, తగిలితే బూజు పడుతుంది.

నాకు 186 మొక్కలు మొలిచాయి.

అందం చూసి మోసపోయాను

మొదటి ఏడాది ఆ మొక్కలకు జీవామృతం తప్ప ఏమీ ఇవ్వలేదు. కావాలనే నీమాస్త్రం కూడా కొట్టలేదు. పేనుబంక ఎక్కువగా పట్టిన మొక్కలకు ఎర్ర గుడ్డ పీలిక కట్టుకుంటూ పోయాను. పూత నాటికి పదకొండు ఎంచుకున్నాను.

అందులో ఒకటి వెన్నరంగు పువ్వు. పెద్దది, నిండుగా ఉంది. చూసినవాళ్లంతా అదే అడిగారు. నేనూ ఆగలేకపోయాను. మిగతా పదింటిని చిన్న వరుసల్లో పెట్టి, దీన్ని మాత్రం 2023లో ఏకంగా మూడు వందల మొక్కలు చేశాను. మార్కెట్లో ఒక వ్యాపారికి ముందే మాట ఇచ్చేశాను.

శ్రావణంలో ముసురు పట్టింది. వారం తిరిగేసరికి వెన్నరంగు మొక్కలు వాడటం మొదలైంది. పక్క చేను అన్న మందు డబ్బా తెచ్చి గట్టు మీద పెట్టాడు. "ఒక్కసారి మొదళ్లల్ల పొయ్యి తమ్మీ, ఎవలకు తెలుస్తది?"

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే డబ్బా తిరిగిచ్చేశాను. మందు పోసి బతికిస్తే ఆ రకాన్ని మీకు ఏమని చెప్పి ఇవ్వాలి? మూడు వందల మొక్కలూ పీకి కాల్చేశాం. వ్యాపారికి క్షమాపణ చెప్పుకున్నాను.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత అర్థమైంది. మొదటి ఏడాది ఆ తల్లి మొక్క ఎత్తు మడి చివర ఉంది. నీళ్లు నిలవని చోటు. దాన్ని బతికించింది ఆ చోటు, దాని బలం కాదు. ఒక్క మొక్క ఒక్క చోట బాగుంటే అది ఇంకా రకం కాదు.

మిగిలింది

మిగతా పదింటిని తర్వాత రెండు వానాకాలాలు నీళ్లు నిలిచే పల్లపు మడిలోనే పెట్టాను. ఈ పసుపు ఒక్కటే నిలిచింది. దీని లోపాలు కూడా చెప్పాలి. పువ్వు మధ్యరకం సైజు, పెద్ద పూల ధర దీనికి రాదు. చిన్న పువ్వు కాబట్టి కోత కూలీ ఎక్కువ పడుతుంది. మంచి గుణం ఏంటంటే గంపలో ఒత్తిడికి రేకలు రాలవు, మా నేలలో వానకు చావదు.

పిలకలు అప్పుడే అడగకండి. మా చేనులో నిలిచింది, ఇంకో నేలలో కూడా చూడాలి. ఈ ఏడు నల్లరేగడిలో ఒక మిత్రుడి దగ్గర పెట్టాం. అక్కడా నిలిస్తే, మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001 కింద దరఖాస్తు చేస్తాను. ఆ చట్టం రైతును కూడా రకం తయారుచేసినవాడిగా గుర్తిస్తుంది. మిగతా రకాలకంటే తేడాగా ఉందా, మొక్కలన్నీ ఒకేలా ఉన్నాయా, ఏటా అలాగే నిలుస్తుందా అన్న మూడూ చూస్తారు.

ఒక మాట మిగిలింది. వెన్నరంగు మొక్కలన్నీ కాల్చేశామని రాశాను కదా. అమ్మ ఒకటి దాచిందట, కుండీలో, చూరు కింద. "గింత మంచి పువ్వును చంపబుద్ధి కాలేదురా" అంది. మొన్న అది పూసింది. దాని పుప్పొడి తీసి ఈ పసుపు పువ్వుకు అద్దాను. వీడియో చివర్లో కాగితపు కవరు కట్టి కనిపించే పువ్వు అదే.

మీ పెరట్లో కూడా ఏళ్లుగా చావకుండా పూస్తున్న నాటు చామంతి ఉంటే పీకి పారేయకండి. ఈ చలికాలం దాని పక్కన ఒక బ్రష్ పట్టుకుని కూర్చోండి.