గేరు మార్చేది ఆయిలే

ఘాట్ రోడ్డులో బరువుతో ఎక్కుతున్న ఆటోమేటిక్ పికప్‌లో ఇంజిన్ గర్జిస్తుంది, బండి మాత్రం ముందుకు సాగదు. గేర్లు అరిగిపోయాయనుకుంటారు చాలామంది. ముందు చూడాల్సింది ఆయిల్‌ను.

టయోటా హైలక్స్ ఆటోమేటిక్ వంటి వాటిలో ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజిన్ తిప్పే చక్రం ఆయిల్‌ను చిమ్ముతుంది, ఆ ప్రవాహం ఎదుటి చక్రాన్ని తిప్పుతుంది. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజినీరు 1905లో పేటెంట్ పొందిన ఈ ఏర్పాటు మొదట ఓడల కోసం పుట్టింది. రెండు చక్రాల వేగంలో తేడా ఉన్నంతసేపూ కొంత శక్తి వేడిగా మారుతుంది. ఎత్తు మీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటరుతోనే బండిని నిలిపి ఉంచితే, కన్వర్టర్‌కు చేరిన శక్తంతా ఆయిల్‌ను కాచడానికే సరి! ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయిల్ చెడిపోయే వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క.

ఆయిల్ తగ్గితే పంపు గాలిని పీలుస్తుంది. పీడనం పడిపోయి క్లచ్ పలకలు జారతాయి. ఎక్కువైనా చిక్కే: తిరిగే భాగాలు దాన్ని చిలికి నురుగు చేస్తాయి. నురుగులోని గాలి నొక్కితే కుదించుకుపోతుంది కాబట్టి పీడనం నిలవదు. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది, అందుకే మట్టాన్ని మాన్యువల్ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గరే చూడాలి. మాడు వాసన వస్తే క్లచ్ పూత కాలిందేమోనని అనుమానించాలి. రంగు గులాబీ పాలలా ఉంటే కూలెంట్ కలిసి ఉండవచ్చు, ఇక నడపకూడదు. ‘జీవితకాలం మార్చనక్కర్లేని ఆయిల్’ అన్న మాటను బరువులు మోసే బండి విషయంలో నేను నమ్మను.

ఆగిపోయిన బండిని తాడు కట్టి లాగకండి. ఆయిల్ పంపును తిప్పేది ఇంజినే. అది ఆగితే, చక్రాలతో పాటు తిరిగే గేర్‌బాక్సు భాగాలకు ఆయిల్ అందదు. లారీ మీదకు ఎక్కించి తీసుకెళ్లాలి.