పాత గోవా యాత్ర (గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల నుండి)

పాత గోవా, గోవా రాష్ట్రంలో మాండోవి నది ఒడ్డున, రాజధాని పణజీకి తూర్పున సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న చారిత్రక నగరం. దీనిని పోర్చుగీసు భాషలో వెల్హా గోవా అంటారు. పునీత ఫ్రాన్సిస్ శౌరి (ఫ్రాన్సిస్ జేవియర్) భౌతికకాయం ఇక్కడి బోం జీసస్ బసిలికాలో భద్రపరచబడి ఉన్నది. అందువలన ఇది భారతదేశపు కతోలికులకు ముఖ్యమైన యాత్రాస్థలాలలో ఒకటి. తెలంగాణ రాష్ట్రంలోని జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల వారికి ఈ యాత్ర 2024 అక్టోబరు నుండి కొంత సులభమైనది. ఆ నెలలో ప్రారంభమైన సికింద్రాబాదు - వాస్కో డ గామా ఎక్స్‌ప్రెస్ వనపర్తి రోడ్డు, గద్వాల స్టేషన్ల మీదుగా గోవా చేరుతుంది. అయితే రైలు దొరికినంత మాత్రాన యాత్ర ఫలించదు. ఏ సంవత్సరంలో, ఏ నెలలో వెళ్తే అక్కడ ఏమి కనబడుతుందో ముందుగా తెలుసుకొనుట అవసరం.

శౌరి అనే పేరు

తెలుగు కతోలిక కుటుంబాలలో శౌరి, శౌరయ్య, శౌరమ్మ, శౌరిరాజు అనే పేర్లు తరచుగా వినిపిస్తాయి. ఇవన్నీ జేవియర్ అనే పేరుకు తెలుగు రూపాలే. శౌరి అనగా సంస్కృతంలో విష్ణువు అని అర్థం ఉన్నందున ఇతరులు ఈ పేర్లను హిందువుల పేర్లుగా భావించుట కద్దు. తాతముత్తాతల నుండి ఈ పేరు మోస్తూ వచ్చిన కుటుంబాలకు పాత గోవా యాత్ర అంటే తమ పేరు పుట్టిన చోటును చూచుట కూడా.

ఫ్రాన్సిస్ శౌరి తెలుగు నేలపై పనిచేసినట్లు చెప్పుటకు ఆధారాలు లేవు. ఆయన 1542 మే 6న గోవాలో దిగి, తరువాత తమిళ దేశపు ముత్యాల తీరంలోను, తిరువాన్కూరులోను బోధించాడు. 1545లో మైలాపూరు దర్శించాడు. మలక్కా, జపాను దేశాలకు వెళ్ళి, చైనాలో ప్రవేశించే ప్రయత్నంలో ఉండగా 1552 డిసెంబరు 3న శాంగ్‌చువాన్ దీవిలో మరణించాడు. తెలుగు దేశంలో యేసు సభ గురువుల కర్ణాటక మిషన్ ఆ తరువాత సుమారు 150 సంవత్సరాలకు, 18వ శతాబ్ది ఆరంభంలో మొదలైనది.

ఈ మూడు జిల్లాల క్రైస్తవులలో కతోలికులు కొద్దిమందే. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల పట్టణాలలో 20వ శతాబ్ది పూర్వార్ధంలో పనిచేసినది అమెరికన్ మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్. కాబట్టి ఇక్కడి నుండి బయలుదేరే బృందాలలో బంధుత్వం, స్నేహం వలన ఇతర సంఘాల వారు కూడా కలుస్తారు. పునీతుల అవశేషాలకు వందనం చేయుట వారి సంప్రదాయంలో లేదు. ఈ సంగతి ముందే మాట్లాడుకుని, దేవాలయంలో ఎవరి నమ్మకం ప్రకారం వారు నడుచుకొనేటట్లు ఏర్పాటు చేసుకున్న బృందాలలో పేచీలు రావు.

నగర చరిత్ర

గోవాను బిజాపూరు ఆదిల్‌షాహీల నుండి అఫోన్సో డి ఆల్బుకర్క్ 1510 నవంబరు 25న పట్టుకొనెను. ఆ రోజు పునీత కేథరిన్ పండుగ. అందువలననే ఇక్కడి సె కథెడ్రల్ ఆమెకు అంకితం చేయబడినది.

గద్వాల వారికి ఈ చరిత్ర పరాయిది కాదు. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ, రాయచూరు అంతర్వేదిలోని భాగమే. విజయనగరం, బిజాపూరు ఈ నేల కోసమే తరతరాలు పోరాడినవి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినపుడు క్రిస్టోవావో డి ఫిగెరెడో అనే పోర్చుగీసు వాని వెంట ఉన్న తుపాకి సైనికులు రాయల పక్షాన పోరాడినారు. విజయనగర సైన్యానికి అరబ్బు గుర్రాలు వచ్చినది కూడా గోవా మీదుగానే. పాత గోవాలో పునీత కజెతాన్ దేవాలయం సమీపంలో నల్లరాతి ద్వారబంధం ఒకటి నిలిచి ఉన్నది. అది ఆదిల్‌షా కోట వాకిలి. దానిని చూడకుండానే చాలా బస్సులు వెనుదిరుగుతాయి.

16, 17 శతాబ్దాలలో ఈ నగరాన్ని తూర్పు దేశపు రోము అన్నారు. కలరా, మలేరియా వంటి వ్యాధులు పదేపదే ప్రబలుట వలన జనం వలసపోయినారు. 1759లో వైస్రాయి నివాసం పణజీ వైపు తరలినది. 1843లో పణజీ అధికారికంగా రాజధాని అయినది. నేడు మిగిలినవి దేవాలయాలు, మఠాలు, శిథిలాలు మాత్రమే. వీటిని యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చినది. గోవా 1961 డిసెంబరులో భారతదేశంలో కలిసినది.

ఈ నగరంలోనే 1560 నుండి 1812 వరకు (మధ్యలో కొద్దికాలం మినహా) మతవిచారణ న్యాయస్థానం, అనగా ఇన్క్విజిషన్, నడిచినది. దానిని నెలకొల్పమని 1546లో పోర్చుగల్ రాజుకు లేఖ వ్రాసిన వారిలో ఫ్రాన్సిస్ శౌరి కూడా ఒకరు. న్యాయస్థానం ఆయన మరణించిన తరువాతనే ఏర్పడినది. యాత్రా కరపత్రాలు ఈ విషయాన్ని సాధారణంగా వదలివేస్తాయి. పిల్లలను వెంట తీసుకువెళ్ళే పెద్దలు వదలకుండా చెప్పుటే మేలు. భక్తికి చరిత్ర అడ్డు కాదు.

భౌతికకాయ దర్శనం

యాత్రను నిర్ణయించుకొనేవారు అన్నిటికంటె ముందు తెలుసుకోవలసిన విషయం ఇది. ఫ్రాన్సిస్ శౌరి దేహం 1553లో మలక్కాకు, 1554 మార్చిలో గోవాకు తీసుకురాబడినది. మొదట పునీత పౌలు కళాశాలలో ఉంచబడి, 17వ శతాబ్దిలో బోం జీసస్ దేవాలయానికి మార్చబడినది. కుడి ముంజేయి 1614లో వేరుచేయబడి రోములోని జేసు దేవాలయానికి పంపబడినది. దేహాన్ని ఉంచిన వెండి పేటిక 1636-37లో గోవా కంసాలులు చేసినది. దాని క్రింది పాలరాతి సమాధి కట్టడం టస్కనీ పాలకుడు మూడవ కోసిమో మెదిచి కానుక. జొవాన్ని బత్తిస్తా ఫొజ్జిని అనే శిల్పి చెక్కిన ఈ కట్టడం 1698లో ఇక్కడ నిలపబడినది.

ఈ పేటిక చాలా ఎత్తున ఉంటుంది. సాధారణ రోజులలో యాత్రికుడు క్రింద నిలబడి పైకి చూచినపుడు వెండి పేటిక, దాని అద్దాల వెనుక దేహపు ఆకారం లీలగా మాత్రమే కనబడతాయి. ముఖం కనబడదు. దగ్గరకు వెళ్ళే వీలు లేదు. ప్రతి పది సంవత్సరాలకు ఒకసారి జరిగే మహా ప్రదర్శనలో మాత్రం పేటిక క్రిందికి దించబడి, ఎదురుగా ఉన్న సె కథెడ్రల్‌కు ఊరేగింపుగా తరలించబడుతుంది. అప్పుడు యాత్రికులు వరుసలో నడుస్తూ అద్దం గుండా దేహాన్ని దగ్గరగా చూడగలరు. గత ప్రదర్శన 2024 నవంబరు 21 నుండి 2025 జనవరి 5 వరకు జరిగినది. అంతకు ముందరిది 2014లో జరిగినది. ఈ లెక్కన తరువాతి ప్రదర్శన 2034లో రావలెను.

ఈ తేడా తెలియక వెళ్ళిన వృద్ధులు ఎంతో దూరం వచ్చి కూడా ఏమీ చూడలేదని బాధపడుట సహజం. డెబ్బై ఏళ్ళు దాటిన వారిని 2034 వరకు ఆగమని చెప్పుట సబబు కాదు. వారికి ముందుగానే ఏమి కనబడుతుందో, ఏమి కనబడదో వివరించి తీసుకువెళ్ళవలెను. ప్రదర్శన సంవత్సరంలో జనసమ్మర్దం వలన గంటల తరబడి వరుసలో నిలబడవలసి వస్తుంది. మామూలు సంవత్సరంలో సమాధి ఎదుట ప్రశాంతంగా కూర్చుని ప్రార్థించుకొనవచ్చును. నడవలేని వారికి రెండవదే మెరుగైన యాత్ర అని చెప్పవచ్చును.

ఎప్పుడు వెళ్ళవలెను

ప్రతి సంవత్సరం నవంబరు 24 నుండి డిసెంబరు 2 వరకు నవదిన ప్రార్థనలు, డిసెంబరు 3న పండుగ జరుగుతాయి. ఈ రోజులలో బసిలికా ప్రక్కన ఉన్న ఆవరణలో ఆరుబయట దివ్యబలిపూజలు సమర్పిస్తారు. గోవా కతోలికులు ఊళ్ళ నుండి కాలినడకన వస్తారు. పూజలు ఎక్కువగా కొంకణి, ఆంగ్ల భాషలలో ఉంటాయి. తెలుగులో పూజ కావలెనని కోరే బృందం, తమ విచారణ గురువును వెంట తీసుకుని వెళ్ళి, ముందుగా బసిలికా అధికారులకు లేఖ వ్రాసి అనుమతి పొందవలెను.

పాలమూరు రైతు కుటుంబాలకు ఇందులో ఒక ఇబ్బంది ఉన్నది. నవంబరు, డిసెంబరు నెలలు పత్తి ఏరే కాలం. ఇంట్లో మనిషి అవసరమైన సమయంలోనే పండుగ వస్తుంది. డిసెంబరు మధ్య నుండి నూతన సంవత్సరం వరకు గోవాలో విహారయాత్రికుల రద్దీ వలన గదుల అద్దెలు బాగా పెరుగుతాయి. జూన్ నుండి సెప్టెంబరు వరకు విపరీతమైన వర్షాలు. కాబట్టి పండుగే ముఖ్యం కాదనుకునే వారికి సంక్రాంతి తరువాత నుండి తపస్సు కాలం ఆరంభం వరకు అనువైన సమయం. పంట డబ్బు చేతికి వచ్చేది కూడా అప్పుడే.

ఇతర కతోలిక యాత్రలతో తేదీలు పోల్చి చూచుకొనుట మంచిది. విజయవాడ గుణదల మరియమాత ఉత్సవాలు ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలోను, వేలాంగణ్ణి ఉత్సవాలు ఆగస్టు 29 నుండి సెప్టెంబరు 8 వరకు జరుగుతాయి. చాలా కుటుంబాలు సంవత్సరంలో రెండు యాత్రల ఖర్చు భరించలేవు.

ప్రయాణ మార్గం

పైన చెప్పిన రైలు మహబూబ్‌నగర్, వనపర్తి రోడ్డు, గద్వాల, కర్నూలు, డోన్, గుంతకల్లు, బళ్ళారి, హొసపేట, గదగ్, హుబ్బళ్ళి, లోండా మీదుగా మడగాం, వాస్కో చేరుతుంది. వనపర్తి రోడ్డు స్టేషను వనపర్తి పట్టణంలో లేదు, మదనాపురం వద్ద ఉన్నది. నాగర్‌కర్నూలు పట్టణానికి రైలు మార్గం లేదు. అచ్చంపేట, కొల్లాపూరు, నాగర్‌కర్నూలు వారు బస్సులో మహబూబ్‌నగర్ లేదా జడ్చర్ల చేరి అక్కడ రైలు ఎక్కవలెను.

ఈ రైలు ప్రారంభించినపుడు సికింద్రాబాదు నుండి బుధ, శుక్రవారాలలోను, వాస్కో నుండి గురు, శనివారాలలోను బయలుదేరేటట్లు ఏర్పాటు చేయబడినది. ఉదయం బయలుదేరి మరునాటి వేకువకు గోవా చేరుతుంది. దీనిలో ఒక చిక్కు ఉన్నది. బుధవారం వెళ్ళినవారికి గురు, శుక్రవారాలు దొరుకుతాయి, శనివారం తిరిగి రావచ్చును. కానీ ఆదివారపు పూజ దక్కదు. శుక్రవారం బయలుదేరిన వారికి ఆదివారం దొరుకుతుంది గాని, తిరుగు రైలు గురువారం వరకు లేదు. వారు హుబ్బళ్ళి వరకు బస్సులో వచ్చి వేరే రైలు చూచుకొనవలసి ఉంటుంది. రోజులు, వేళలు మారుతుంటాయి కనుక టిక్కెట్టు కొనే ముందు సరిచూచుకొనవలెను. ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుండి 120 రోజులకు బదులు 60 రోజులుగా తగ్గించబడినది. నవదినాలకు వెళ్ళే బృందం సెప్టెంబరు చివరి వారంలోనే సిద్ధంగా ఉండవలెను.

క్యాజిల్ రాక్, కుళెం స్టేషన్ల నడుమ రైలు పడమటి కనుమలు దిగుతూ దూద్‌సాగర్ జలపాతం ప్రక్కగా వెళ్తుంది. వెళ్ళేటపుడు ఇది చీకటిలో గడచిపోతుంది. వచ్చేటపుడు పగటి పూట చూడవచ్చును.

మడగాం నుండి పాత గోవాకు సమీప స్టేషను కొంకణ్ రైల్వేలోని కరమళి. పణజీ నుండి పాత గోవాకు బస్సులు విరివిగా తిరుగుతాయి. పాత గోవాలో వసతి గృహాలు తక్కువ కాబట్టి ఎక్కువమంది పణజీలో బస చేస్తారు. బస్సు ఎక్కేటపుడు ఊరి పేరు జాగ్రత్తగా చెప్పవలెను. గోవా వెల్హా అనేది పణజీ - మడగాం రహదారిపై ఉన్న వేరొక గ్రామం. పూర్వం కదంబ రాజుల రేవు పట్టణం ఉన్నది అక్కడ. పేర్ల తికమక వలన అక్కడ దిగిపోతే శౌరి దేవాలయం దొరకదు.

చూడదగిన దేవాలయాలు

బోం జీసస్ నిర్మాణం 1594లో మొదలై 1605లో ప్రతిష్ఠ జరిగినది. 1946లో బసిలికా హోదా పొందినది. మిగిలిన దేవాలయాల వలె దీనికి తెల్లని సున్నపు పూత లేదు. 1950 దశకంలో పూత తొలగించినందున ఎర్రని జంబిట్టు రాయి బయటపడినది. వర్షాలకు ఆ రాయి కరుగుతున్నదని, మళ్ళీ పూత వేయవలెనని వాదించేవారు ఉన్నారు.

సె కథెడ్రల్ 1562లో మొదలైనది. దీని రెండు గోపురాలలో ఒకటి 1776లో కూలిపోయినది. మిగిలిన గోపురంలో బంగారు గంటగా పేరొందిన పెద్ద గంట ఉన్నది. ప్రక్కనే అస్సీసి పునీత ఫ్రాన్సిస్ దేవాలయం, దానికి ఆనుకుని పురావస్తు ప్రదర్శనశాల ఉన్నాయి. ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు కనుక బుధవారపు రైలులో వచ్చినవారు దీనిని గురువారమే చూడవలెను.

పవిత్ర కొండపై పునీత అగస్టీన్ మఠపు శిథిలాలలో ఒక గోపురం సగం మాత్రమే నిలిచి ఉన్నది. దేవాలయ కప్పు 1842లో కూలినది. జార్జియా దేశపు రాణి కెతెవాన్ ఎముకలుగా నిర్ధారించబడిన అవశేషాలు ఇక్కడి త్రవ్వకాలలో లభించినవి. వాటిలో ఒక భాగాన్ని భారత ప్రభుత్వం 2021 జూలైలో జార్జియాకు అందజేసినది.

దేవాలయాలలోనికి భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులతో వెళ్ళవలెను. పూజ జరుగుతున్న వేళ సందర్శకులుగా తిరుగరాదు. పాపసంకీర్తనం చేయదలచినవారు తెలుగు తెలిసిన గురువు అక్కడ దొరుకుతారని భరోసా పెట్టుకొనక, బయలుదేరక ముందే తమ విచారణలో చేసుకొనుట మంచిది. బసిలికా, కథెడ్రల్, ప్రదర్శనశాల ఎదురెదురుగా చదునైన నేలపై ఉన్నాయి. పవిత్ర కొండకు మాత్రం ఎక్కవలెను. మోకాళ్ళ నొప్పులు గలవారిని బసిలికా తోటలోని చెట్ల నీడన కూర్చుండబెట్టి మిగిలినవారు వెళ్ళి రావచ్చును.