ఎర్రచుక్క ఎక్కడుంది?

సంచికకు సైన్సు వ్యాసం ఒకటి కావాలని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, అణుశక్తి, అంతరిక్షం మన పెద్దలు ఎలాగూ వ్రాస్తారు గనుక, నా చేత్తో పట్టుకుని నా కంటితో చూచిన వస్తువు గురించే వ్రాస్తానన్నాను. అగ్గిపెట్టె కన్నా చిన్న వస్తువది. పిస్టల్ మీద బిగిస్తారు. రెడ్ డాట్ సైట్ అంటారు. మనం ఎర్రచుక్క సైటు అనుకుందాం.

నా రూమ్మేటు మేనమామ మిలిటరీలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. ఊరి చివర ఒక రేకుల షెడ్డులో పది మీటర్ల రేంజి కట్టుకుని ఎయిర్ పిస్టల్ నేర్పుతుంటారు. ఆయన కొత్తగా ఎర్రచుక్క సైటు తెప్పించారని తెలిసి దసరా సెలవులలో ఇద్దరం వెళ్ళాం. నాకు అంత ఉత్సాహం ఎందుకంటే, ఎన్.సి.సి.లో నేను .22 రైఫిల్ కాల్చిన వాణ్ణి. కాల్చానే గాని గురి కుదిరిన వాణ్ణి కాను. ఐదు గుండ్లు ఐదు దిక్కులకు పోయేవి. "నీ చెయ్యి నిలవదురా" అని జట్టులోంచి తప్పించారు. నాగలి పట్టిన చెయ్యి, యాభై కిలోల మిరప బస్తా ఎత్తిన చెయ్యి ఎందుకు నిలవదో నాకు అంతు పట్టేది కాదు. పైకి నవ్వేశాను గాని, ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది.

ముందు మామూలు సైటు సంగతి చెప్పాలి. పిస్టల్ వెనుక భాగాన ఒక గాడి, ముందు కొసన ఒక మొన ఉంటాయి. గాడి నడుమ మొన నిలిపి, ఆ మొనను టార్గెట్టుకు సరిచూడాలి. చెప్పటం తేలికే. కాని ఆ మూడూ మూడు దూరాలలో ఉన్నాయి. గాడి మూరెడు దూరాన, మొన దానికి జానెడు అవతల, టార్గెట్టు పది మీటర్ల మీద. మన కంటి కటకం ఒకసారి ఒక దూరానికే సర్దుకుంటుంది. అందుకే మొన స్పష్టంగా చూడు, టార్గెట్టు మసకబారితే బారనీ అని నేర్పుతారు. ఇరవై ఏళ్ళ కంటికి అది సాధ్యమే. యాభై దాటి చత్వారం వచ్చిన కంటికి మొన కూడా మసకే. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుంటే టార్గెట్టు పూర్తిగా అలుక్కుపోతుంది. సుబేదారు గారు ఈ సైటు కొన్నది షోకుకు కాదు, ఆ బాధ పడలేకే.

ఇక ఎర్రచుక్క. సినిమాలో విలన్ గుండె మీద ఎర్రచుక్క పడటం, హీరో దాన్ని చూచి పక్కకు దూకటం మనం చూచాం. అది లేజరు. ఇది అది కాదు. ఇందులో చుక్క టార్గెట్టు మీద పడదు, ఎదుటి వాడికి కనబడదు, పక్కన నిలబడ్డ నా రూమ్మేటుకూ కనబడలేదు. గురి చూచే వాడి కంటికి మాత్రమే కనబడుతుంది. పోనీ గాజు మీద ఉందా అంటే, వేలితో తుడిచి చూచాను (సుబేదారు గారు కోప్పడ్డారు), గాజు మీదా లేదు. మరి ఎక్కడుంది?

ఇంటర్మీడియెట్‌లో మనమందరం గీసిన బొమ్మ గుర్తు తెచ్చుకోండి. పుటాకార దర్పణం నాభి వద్ద దీపం పెడితే కిరణాలు పరావర్తనం చెంది సమాంతరంగా వెళతాయి. పరీక్షలో రెండు మార్కులకు వ్రాసి మరచిపోయిన ఆ బొమ్మే ఈ యంత్రం. పిస్టల్ వెనుక వైపు, సైటు అడుగున ఆవగింజ కన్నా చిన్న ఎల్.ఇ.డి. ఒకటి ఉంటుంది. దాని కాంతి ముందున్న గాజు మీద పడుతుంది. ఆ గాజు కాస్త వంపు తిరిగి ఉంటుంది. దాని మీద వేసిన అతి పలుచని పూతలు ఎరుపును వెనక్కి తిప్పి కొడతాయి, మిగతా రంగులను పోనిస్తాయి. గాజులోంచి చూస్తే లోకం కొంచెం నీలిగా కనబడటానికి కారణమదే. తిరిగి వచ్చిన ఎర్రకాంతి సమాంతర కిరణాలుగా కంటికి చేరుతుంది. సమాంతర కిరణాలు ఎక్కడి నుండి వస్తాయి? ఎంతో దూరం నుండి. కాబట్టి కన్ను ఆ చుక్కను అనంత దూరంలో ఉన్నట్టుగా చూస్తుంది. చుక్క గాజు మీదా లేదు, టార్గెట్టు మీదా లేదు. అది ఒక చోటు కాదు, ఒక దిక్కు.

ఈ మాట నాకు వెంటనే ఎక్కలేదు. తరువాత బండి మీద చందమామ గుర్తొచ్చాడు. చిన్నప్పుడు రాత్రిపూట ఎడ్లబండి మీద వస్తుంటే చెట్లు వెనక్కి పోయేవి, చందమామ మాత్రం మా వెంటే వచ్చేవాడు. అంత దూరాన ఉన్న వాడి కిరణాలు బండి మీదికీ, ఊళ్ళోకీ ఒకే దిక్కున వస్తాయి గనుక మనం కదిలినా ఆయన దిక్కు మారదు. ఎర్రచుక్క కూడా అంతే. తల కొంచెం పక్కకు జరిపితే చుక్క గాజులో ఒక మూలకు జరుగుతుంది గాని, టార్గెట్టు మీద ఉన్న చోటనే ఉన్నట్టు కనబడుతుంది. కన్ను సరిగ్గా గాజు నడిమికి రానక్కరలేదు. రెండు కళ్ళూ తెరిచే ఉంచవచ్చు. టార్గెట్టు మీదే చూపు నిలపవచ్చు, మొన గొడవ లేదు. చత్వారం వచ్చిన వాడికి ఇంతకన్నా ఏం కావాలి?

అయితే ప్రకటనలలో చెప్పినట్టు తప్పే రాదని కాదు. కన్ను గాజు నడిమి నుండి 8 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి. కిరణాలు సమాంతరం గనుక చూపు గీత కూడా 8 మిల్లీమీటర్లే పక్కకు జరిగి, అలాగే టార్గెట్టు దాకా పోతుంది. పది మీటర్లకైనా, వంద మీటర్లకైనా తేడా ఆ 8 మిల్లీమీటర్లే. 25 మీటర్ల ప్రెసిషన్ టార్గెట్టులో పది మార్కుల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు కాబట్టి అక్కడ ఇది లెక్కలోకి రాదు. కాని 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్టులో ఆ వలయం 11.5 మిల్లీమీటర్లే! అక్కడ కన్ను నడిమికి తెచ్చుకోవలసిందే. చుక్క సైజు సంగతీ అంతే. మేము చూచినది 3 నిమిషాల చుక్క. నిమిషమంటే గడియారంలోది కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు. లెక్క వేస్తే పది మీటర్ల వద్ద అది దాదాపు 9 మిల్లీమీటర్ల మేర కప్పేస్తుంది.

ఈ ఆలోచన ఈనాటిది కాదు. ఐర్లండులోని డబ్లిన్‌లో టెలిస్కోపులు చేసే హోవర్డ్ గ్రబ్ 1900లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆ పేరు మనకు కొత్త కాదు. నవాబ్ జఫర్ జంగ్ తెప్పించగా, తరువాత బేగంపేట నిజామియా అబ్జర్వేటరీలో 1922 నుండి పని చేసిన 15 అంగుళాల టెలిస్కోపు ఆ గ్రబ్ కంపెనీదే. ఆ అబ్జర్వేటరీ 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందకు వచ్చింది. చుక్కలు చూపిన వాడే చుక్కతో గురి చూడటమూ చెప్పాడన్న మాట. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ విమానాల తుపాకులకు ఈ రకం సైట్లు వాడారు. చేతి ఆయుధానికి దిగిరావటానికి మాత్రం చాలా కాలం పట్టింది. కారణం దీపం. బల్బు వేడెక్కుతుంది, బ్యాటరీ తాగేస్తుంది, అదురుకు తెగిపోతుంది. 1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్ర ఎల్.ఇ.డి. చేసి చూపాక దారి తెరుచుకుంది. 1975లో స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ తొలి ఎలక్ట్రానిక్ ఎర్రచుక్క సైటును అమ్మకానికి తెచ్చింది. ఇప్పుడు నాణెమంత బ్యాటరీ వేస్తే 50,000 గంటలు వెలుగుతుందని కొన్ని కంపెనీలు చెబుతున్నాయి. అంటే అయిదున్నరేళ్ళ పైమాటే. కాంతి నలుదిక్కులా చెదరకుండా ఒక్క కంటికే పోతుంది గనుక అంత తక్కువ ఖర్చుతో సరిపోతుంది.

ఒలింపిక్స్ పిస్టల్ పోటీలలో మాత్రం ఇది నిషిద్ధం. అక్కడ గాడి, మొన ఉన్న సైటే. 2024 పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచినా, మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్లలో పోటీ పడినా ఆ పాత సైటుతోనే.

సరే, నా అనుభవానికి వస్తాను. పిస్టల్ ఎత్తగానే నాకు చుక్క కనబడలేదు. గాజు ఖాళీ! బ్యాటరీ పోయిందన్నాను. "బ్యాటరీ కాదు, నీ మణికట్టు" అన్నారు సుబేదారు గారు. రైఫిలైతే చెంప కర్రకు ఆనుతుంది గనుక కన్ను ప్రతిసారీ ఒకే చోటికి వస్తుంది. పిస్టల్‌కు ఆ ఆధారం లేదు. చాచిన చేతి కొసన ఉన్న ఆ చిన్న గాజులోంచి వచ్చే కిరణాల కట్ట సన్నగా ఉంటుంది. మణికట్టు ఒక డిగ్రీ పైకో కిందికో వంగిందా, కట్ట కంటిని తప్పించుకు పోతుంది. పాతిక ముప్పై సార్లు ఎత్తి దించాక గాని చుక్క దొరకలేదు. దొరికాక ఒకటే గంతులు. అది చూచి ఆయన, "వణుకు చుక్కది కాదబ్బాయ్, నీది. ఇంతకు ముందూ ఉంది, అప్పుడు కనబడలేదు" అన్నారు.

"సార్, వణుకు సరే, ఇది చుక్కలా లేదు. పండు మిరపకాయలా ఉంది, తొడిమతో సహా" అన్నాను. రూమ్మేటు పకపకా నవ్వాడు. వాడు చూస్తే గుండ్రని చుక్క. సుబేదారు గారు చూస్తే గుండ్రని చుక్క. నాకు మాత్రం కుడి పైకి తోక సాగిన మిరపకాయ.

ఆయన నవ్వలేదు. సైటు విప్పి నా చేతికిచ్చి, దాన్ని పక్కకు తిప్పి చూడమన్నారు. సైటు తిరిగింది, తోక తిరగలేదు. ఈసారి సైటు కదల్చకుండా తల వంచి చూడమన్నారు. తలతో పాటు తోకా వంగింది! ఫోను కెమెరా పెట్టి ఫోటో తీస్తే గుండ్రని చుక్క. చివరకు టార్గెట్టు కాగితానికి గుండుసూదితో బెజ్జం చేసి అందులోంచి చూడమన్నారు. తోక మాయమైంది. దోషం గాజుది కాదు, నా కన్నుది. దీనిని అసమదృష్టి అంటారు. కంటి ముందు పొర బంతిలా అన్ని వైపులా ఒకే వంపుతో కాక, గరిటె గుంటలా ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ వంపుతో ఉంటే బిందువు బిందువుగా నిలవదు, గీతగా సాగుతుంది. సూదిబెజ్జంలోంచి సన్నని కట్టే లోపలికి పోతుంది గనుక సాగటానికి చోటు ఉండదు. ఈ దోషం ఉన్న వాళ్ళకు చుక్క వెలుగు తగ్గించుకుంటే కొంత మేలు.

కంటి డాక్టరు కుడి కంటికి ఒకటిన్నర, ఎడమ కంటికి అర సిలిండర్ అద్దాలు వ్రాశారు. ఇరవై ఏళ్ళలో నా కళ్ళు ఎవరూ పరీక్షించలేదు, నేనూ అడగలేదు. నక్షత్రాలకు తోకలుండేవి. అందరూ నక్షత్రానికి కొనలు పెట్టే బొమ్మ గీస్తారు గదా, అందరికీ అట్లాగే కనబడుతుందనుకున్నాను. అద్దాలు వచ్చాక మళ్ళీ షెడ్డుకు వెళ్ళి, ఎర్రచుక్క తీయించి, మామూలు గాడి, మొనతోనే కాల్చాను. ఐదు పెల్లెట్లూ టీ సాసరంత చోటులో పడ్డాయి. గొప్పేం కాదు, కాని ఐదు దిక్కులకు మాత్రం పోలేదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు రాత్రి కరెంటు వేళకు నాయనతో పాటు మిరప చేనుకు వెళ్ళాను. మోటారు స్టార్టరు డబ్బా మీద ఎర్ర దీపం వెలుగుతోంది. అద్దాల్లోంచి గుండ్రంగా, అద్దాలు తీస్తే తోకతో. "నాయనా, ఆ దీపం నీకెట్లా కనబడుతోంది?" అన్నాను.

"ఎట్లా ఏముంది, తోకేసుకుని ఉంది. దీపమన్నాక తోక ఉండదారా?" అన్నాడు.

డాక్టరు దగ్గరికి పోదామంటే మిరప కోతలు అయ్యేదాకా ఆగమన్నాడు.