హాల్‌టికెట్ ఏ మెనూలో ఉంది?

సెమిస్టర్ పరీక్షలు ఎల్లుండే. హాల్‌టికెట్ కోసం కాలేజీ వెబ్‌సైట్ తెరిస్తే అడ్మినిస్ట్రేషన్, అకడమిక్స్, సర్క్యులర్స్ అంటూ మెనూలు. ఎందులో ఉందో తెలీదు. క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఎవరో లింక్ పెడితే గానీ పని జరగదు. అక్కడ కోడ్ బాగానే ఉంది. ఆఫీసులో ఎన్ని సెక్షన్లున్నాయో సైట్‌లో అన్ని మెనూలు పెట్టేశారు, విద్యార్థి ఏ మాటతో వెతుకుతాడో మాత్రం ఎవరూ అడగలేదు.

అలా అడిగి, ఏ సమాచారం ఎక్కడ, ఏ పేరుతో ఉండాలో తేల్చే పనే ఇన్ఫర్మేషన్ ఆర్కిటెక్చర్. ఉద్యోగాల సైట్లలో ఈ ఒక్క పేరుతోనే వెతక్కండి. యూఎక్స్ డిజైనర్, కంటెంట్ డిజైనర్, టెక్నికల్ రైటర్ పోస్టుల్లోనూ ఈ పని ఉంటుంది.

ఇదేమీ కొత్త ఫ్యాషన్ కాదు. లెక్కల మాస్టారుగా పనిచేసి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ క్లాసిఫికేషన్ ప్రచురించారు. పుస్తకం దేని గురించి, అందులో ఏ పని, ఏ చోటు, ఏ కాలం అని విడివిడిగా గుర్తించి కలిపే పద్ధతి అది. షాపింగ్ యాప్‌లో చొక్కా కోసం సైజు, రంగు, ధర ఫిల్టర్లు నొక్కుతారే, వాటి వెనకున్న ఆలోచనా ఇలాంటిదే.

సరే, మీరెలా మొదలుపెట్టాలి? కాలేజీ సైట్‌లోని ఓ 30 పేజీల పేర్లు ఒక్కో చీటీ మీద రాయండి. జూనియర్లకిచ్చి, ఒకచోట ఉండాల్సినవి కుప్పలుగా పెట్టి, కుప్పలకు పేర్లు కూడా వాళ్లనే పెట్టమనండి. మధ్యలో సలహాలివ్వొద్దు (నోరు ఊరుకోదు, అయినా సరే!). దీన్ని కార్డ్ సార్టింగ్ అంటారు. దీనికి 15 మంది చాలని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ సూచన. 'ఫీజు రీయింబర్స్‌మెంట్' చీటీని కొందరు ఫీజుల్లో, కొందరు స్కాలర్‌షిప్పుల్లో పెట్టారనుకోండి. నా లెక్కలో అసలు సరుకు అలాంటి చీటీలే. వాటికి రెండుచోట్లా లింక్ కావాలి.

తర్వాత ట్రీ టెస్టింగ్. కొత్త మెనూ పేర్లు మాత్రమే కాగితం మీద రాసి, వేరేవాళ్లకు చూపించి, "సప్లిమెంటరీ ఫీజు ఎక్కడ కడతావ్?" అని అడగండి. ముందు దేనిమీద వేలు పెట్టారో నోట్ చేసుకోండి. రంగులు, సెర్చ్ బాక్స్ ఉండవు కాబట్టి పేర్లలో లోపం ఇట్టే దొరుకుతుంది.

పాత మెనూ, కొత్త మెనూ, ఎంతమంది ఎక్కడ దారి తప్పారు... ఇవన్నీ రెండు పేజీల్లో రాసి పోర్ట్‌ఫోలియోలో పెట్టండి. అంకెలు చిన్నవైనా ఉన్నవే రాయండి. 12 మందిలో అయిదుగురు తప్పారని రాస్తే, ఆ అయిదుగురూ ఎక్కడ నొక్కారని ఇంటర్వ్యూలో అడగొచ్చు.