నలభై అయిదు వంతుల మాయ

షాలిబండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి పత్రికకు ఉత్తరం రాశాడు. చికాగోలో ఉంటున్న అతని మామూ కొడుకు ఒక ఆన్‌లైన్ బేస్‌బాల్ సిమ్యులేషన్ లీగ్‌లో చేరమని పిలిచాడట. పన్నెండు మంది, తలా ఒక జట్టు. వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకుంటారు (దీన్నే డ్రాఫ్ట్ అంటారు), ఆపైన మ్యాచ్‌లన్నీ కంప్యూటరే ఆడిస్తుంది. "క్రికెట్ తప్ప మరో ఆట చూసి ఎరగను. ఎవర్ని తీసుకోవాలి? మొదటి నెలలో దంచికొడుతున్నవాళ్లను పట్టుకుంటే సరిపోదా?" అన్నది ప్రశ్న.

సరిపోదు. ఎందుకు సరిపోదన్న దాని వెనక గణాంక శాస్త్రంలోని అతి చక్కని కథల్లో ఒకటి ఉంది. దాని కోసమే ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టబుద్ధి కాలేదు.

ముందు ఆట సంగతి, గబగబా. తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కు జట్టుకు మూడేసి అవుట్లు. మూడు బేస్‌లు చుట్టి మళ్లీ మొదలుపెట్టిన చోటికి చేరితే ఒక పరుగు. పది బ్యాటింగ్ వంతుల్లో మూడుసార్లు హిట్ కొట్టినవాడు, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరినవాడు, గొప్ప బ్యాటర్, ఆ సగటును .300 అని రాస్తారు. పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్ తాపీగా నడుచుకుంటూ మొదటి బేస్‌కు పోతాడు. దీన్ని వాక్ అంటారు. ఇది బ్యాటింగ్ సగటులోకి రాదు గానీ పరుగులు తెస్తుంది. కొత్తవాళ్లు సగటు చూసి మురిసిపోయి వాక్‌లను వదిలేస్తారు. ఈ పాటి తెలిస్తే చాలు.

ఇక సిమ్యులేషన్. ఈ మాట కొత్తదే కావచ్చు, పని మాత్రం మనకు బాగా తెలిసిందే. వెనక బెంచీలో సోషల్ పుస్తకం తెరిచి బుక్ క్రికెట్ ఆడని పిల్లలు హైదరాబాద్‌లో ఉంటారా? ఎడమ పేజీ నంబరులో చివరి అంకె చూడాలి. 2 వస్తే రెండు, 4 వస్తే ఫోరు, 6 వస్తే సిక్సు, 8 వస్తే చాలా బడుల్లో ఒకటి, 0 వస్తే అవుట్. ఎడమ పేజీలన్నీ సరిసంఖ్యలే కాబట్టి అవుటయ్యే అవకాశం అయిదింట ఒకటి. అంటే ఒక వికెట్‌కు సగటున నాలుగుసార్లు పరుగులొస్తాయి. ఒక్కోసారికి సగటు మూడుంపావు. మొత్తం పదమూడు. అందులో సచిన్ సగటూ పదమూడే, పదకొండో నంబరు బౌలర్ సగటూ పదమూడే. ఆ ఆటలో లోపమల్లా అదొక్కటే, పుస్తకానికి మనిషి ఎవరో తెలియదు.

ఆ తెలివిని పుస్తకానికి నేర్పితే అదే సిమ్యులేషన్. అమెరికాలో హాల్ రిచ్‌మన్ 1961లో అమ్మకానికి పెట్టిన స్ట్రాట్-ఓ-మ్యాటిక్ ఇలాంటిదే. ప్రతి ఆటగాడికీ ఒక కార్డు, మూడు పాచికలు. ఒక పాచిక బ్యాటర్ కార్డు చూడాలా, పిచ్చర్ కార్డు చూడాలా చెబుతుంది. మిగతా రెండూ కార్డులో ఏ గడి చూడాలో చెబుతాయి. ఎక్కువ హిట్లు కొట్టేవాడి కార్డులో హిట్ గడులు ఎక్కువ, అంతే. 1999లో జర్మనీకి చెందిన మార్కస్ హైన్సన్ తెచ్చిన అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్‌లో పాచికల పని కంప్యూటర్ చేస్తుంది. ఆటగాళ్లు ముసలివాళ్లవుతారు, గాయపడతారు, రిటైరవుతారు. ఇన్ని హంగులున్నా లోపల జరిగేది పేజీ తెరవడమే.

పేజీ తెరవడంలో అదృష్టం ఎంత? అసలు ప్రశ్న ఇది. దీనికి జవాబు 1970 నాటి పద్దెనిమిది మంది బ్యాటర్లు చెప్పారు.

బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1977 మే నెల సైంటిఫిక్ అమెరికన్‌లో ఒక వ్యాసం రాశారు. 1970 సీజన్‌లో పద్దెనిమిది మంది తొలి 45 వంతుల సగటులు తీసుకున్నారు. సీజన్‌లో మిగిలిన భాగంలో వాళ్లు ఎంత కొడతారో ఆ అంకెల్లోంచే అంచనా కట్టారు. పట్టిక పైన రాబర్టో క్లెమెంటే: 45లో 18 హిట్లు, .400. అట్టడుగున మాక్స్ ఆల్విస్: 7 హిట్లు, .156. ఆల్విస్‌కు కాస్త పైన థర్మన్ మన్సన్ అనే కొత్త కుర్రాడు: 8 హిట్లు, .178. అందరి సగటూ .265.

షాలిబండ సూత్రం ప్రకారం క్లెమెంటేను పట్టుకుని మన్సన్‌ను వదిలేయాలి. ఎఫ్రాన్, మోరిస్ అలా చేయలేదు. ప్రతి ఒక్కడి సగటునూ .265 వైపు లాగారు. తేడాలో అయిదో వంతు చిల్లర మాత్రమే, కచ్చితంగా 0.212 వంతు, ఉంచి మిగతాది అదృష్టం కింద కొట్టేశారు. క్లెమెంటే .294కు దిగాడు, మన్సన్ .247కు లేచాడు. సీజన్ ముగిశాక చూస్తే మిగతా వంతుల్లో క్లెమెంటే కొట్టింది .346. మన్సన్ కొట్టింది .316! ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో ఉత్తమ నవాగత ఆటగాడి బహుమతి కూడా మన్సన్‌దే. పద్దెనిమిది మందిలో పదహారు మందికి లాగిన అంచనాయే తొలి 45 వంతుల సగటు కన్నా దగ్గరగా వచ్చింది. తప్పులన్నింటి వర్గాలు కూడితే మామూలు పద్ధతికి .077, లాగిన పద్ధతికి .022. మూడున్నర రెట్లు తేడా. పాపం క్లెమెంటే నిజంగానే మహా ఆటగాడు కాబట్టి ఈ లెక్క అతనికి కాస్త అన్యాయం చేసింది. అందరి తప్పులూ కలిపి తగ్గించే పద్ధతి అది. ఏ ఒక్కడి విషయంలోనూ హామీ ఇవ్వదు.

ఎందుకలా? నిజమైన సత్తా .265 ఉన్న బ్యాటర్‌కు 45 వంతులిస్తే పన్నెండు హిట్లు రావాలి. కానీ మూడు అటూ ఇటూ ఊగడం మామూలే. తొమ్మిది దగ్గర ఆగితే .200, వెంటనే బెంచీ మీదికి. పదిహేను దగ్గర ఆగితే .333, పత్రికల్లో ఫొటో. మనిషి అదే మనిషి! వంతులు పదిరెట్లయి 450కి చేరితేగాని ఈ ఊగిసలాట మూడో వంతుకు తగ్గదు.

హైదరాబాదీలకు ఇది కొత్త కాదు, గమనించలేదంతే. సయ్యద్ ఆబిద్ అలీ 1967 డిసెంబరులో అడిలైడ్‌లో తన తొలి టెస్టులోనే 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు. ఆ తర్వాత 28 టెస్టులు ఆడినా ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు మళ్లీ దక్కలేదు. మహమ్మద్ అజహరుద్దీన్ 1984-85లో ఇంగ్లండ్ మీద తొలి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టాడు, ఆ సిరీస్ సగటు 109.75. కెరీర్ ముగిసేసరికి 99 టెస్టుల్లో సగటు 45.03. పొగడ్తలకు చెడిపోయాడనో, దిష్టి తగిలిందనో అనేవాళ్లకు లెక్క తెలియదు. మొదటి మూడు టెస్టులూ తీసేసినా మిగతా 96 టెస్టుల సగటు 43 పైనే. అతను ఎక్కణ్నుంచీ పడిపోలేదు. మొదటి అయిదు ఇన్నింగ్స్‌లో పేజీలు బాగా తెరుచుకున్నాయి.

ఈ చిక్కులో పడ్డవాళ్లు సామాన్యులు కారు. చార్లెస్ డార్విన్ బంధువు ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల ఎత్తు, పిల్లల ఎత్తు కొలిచి, బాగా పొడుగువాళ్ల పిల్లలు సగటు వైపు మళ్లుతున్నారని గమనించాడు. ఆ సంగతి తెలిసి యాభై ఏళ్లు కావస్తున్నా చికాగో పక్కనే ఉన్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ హొరేస్ సీక్రిస్ట్ బోర్లా పడ్డాడు. వందలాది దుకాణాల లెక్కలు తిరగేసి, లాభాల్లో ముందున్నవి కొన్నేళ్లకు మధ్యకు జారుతున్నాయనీ, వ్యాపారంలో మామూలుతనమే గెలుస్తోందనీ 1933లో లావుపాటి పుస్తకం వేశాడు. హెరాల్డ్ హోటెలింగ్ అనే గణాంక శాస్త్రవేత్త దాన్ని చీల్చి చెండాడాడు. మొదటి ఏడు పైనున్న దుకాణాలను ఏరితే తర్వాత అవి జారక తప్పదు, చివరి ఏడు పైనున్నవాటిని ఏరి వెనక్కి చూసినా అదే కనిపిస్తుంది అన్నాడు. సీక్రిస్ట్ శ్రమ, గుణకార పట్టిక నిజమని చూపడానికి ఏనుగులను వరుసల్లో నిలబెట్టడం లాంటిదని కూడా ఎద్దేవా చేశాడు.

సగటు వైపు లాగడానికి గణిత ప్రమాణం ఇచ్చినవాడు గణాంక శాస్త్రవేత్త చార్లెస్ స్టైన్, 1956లో. ఇది అప్పట్లో ఎందుకంత దిగ్భ్రాంతి కలిగించిందో అర్థం కావాలంటే మన సి.ఆర్. రావును తలచుకోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన రావు 1945లో, పాతికేళ్ల ప్రాయంలో, పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఒక హద్దు దాటి మెరుగుపడలేదని నిరూపించాడు. క్రామెర్-రావు హద్దు అని ప్రపంచమంతా చెప్పుకునేది దాన్నే. స్టైన్ ఆ హద్దును బద్దలు కొట్టలేదు, పక్కనుంచి పోయాడు. మూడు లేదా అంతకన్నా ఎక్కువ సగటులను ఒకేసారి అంచనా కట్టేటప్పుడు కాస్త పక్షపాతం ఒప్పుకుంటే మొత్తం తప్పు తగ్గుతుందన్నాడు. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రావు పేరిట ఒక గణిత, గణాంక సంస్థ ఉంది. షాలిబండ కుర్రాడికి బస్సు దూరమే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, కొత్తవాళ్లకు ఎవరూ చెప్పనిది. అన్ని లీగ్‌లూ ఒకటి కావు. ముగిసిన సీజన్ కార్డులతో ఆడే లీగ్‌లో అదృష్టం కూడా కార్డులో అచ్చయి ఉంటుంది. 1970లో క్లెమెంటే మొత్తం సగటు .352. ఆ ఏడాది కార్డుకు అదే పరమసత్యం, అక్కడ సగటు వైపు లాగడం తెలివితక్కువ. ఆటగాళ్ల సత్తాను తెర వెనక దాచి, సీజన్ వెంట సీజన్ కొత్తగా ఆడించే లీగ్‌లో మాత్రం కనిపించే అంకెలన్నీ పేజీలు తెరిస్తే వచ్చినవే. కాబట్టి చేరేముందు లీగ్ నడిపేవాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ రెండిట్లో మీది ఏ రకం?

పనికొచ్చే సలహాలంటారా? టామ్ టాంగో అనే విశ్లేషకుడి పద్ధతి ఒకటి చాలు. బ్యాటర్ల గత మూడేళ్ల అంకెలకు 5, 4, 3 చొప్పున బరువులిచ్చి, లీగ్ సగటుతో కలిపి, వయసు సర్దుతాడు. కోతి కూడా చేయగలదని దానికి మార్సెల్ అనే కోతి పేరు పెట్టాడు. పిచ్చర్ల విషయంలో స్ట్రైక్‌అవుట్లు (మూడు స్ట్రైక్‌లకు బ్యాటర్‌ను అవుట్ చేయడం), వాక్‌లు చూడాలి. మైదానంలో పడిన బంతుల మీద పిచ్చర్ అదుపు చాలా తక్కువని 2001లో వోరోస్ మెక్‌క్రాకెన్ అనే విశ్లేషకుడు రాసి పెద్ద రగడే లేపాడు. ప్రైజ్ మనీ పేరుతో ఎంట్రీ ఫీజు అడిగే లీగ్ అయితే దండం పెట్టి తప్పుకోవాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్ర చట్టమూ వచ్చింది. ఇంత అందమైన లెక్కను జనం ఫోన్లలో పందేలకు తగలేసుకోవడం చూస్తే ఒళ్లు మండుతుంది.

డ్రాఫ్ట్ మార్చి నెలాఖరున, చికాగోలో సాయంత్రం ఆరింటికట. ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. అలారం పెట్టుకోవాలి. మొదటి రౌండ్‌లో ఎవర్ని ఎంచుకోవాలో మాత్రం ఈ పత్రిక పేరు పెట్టి చెప్పదు. ప్రతినెలా పత్రికను ఫొటోలు తీసి మామూ కొడుక్కి వాట్సాప్‌లో పంపేది తనేనని కుర్రాడు ఉత్తరం చివర రాశాడు.