నర్సరీ సీటు ఎవరికి?

అడ్మిషన్ల కాలం రాగానే మిషన్ స్కూలు నర్సరీ సీటు కోసం ఉత్తరం రాసివ్వమని తల్లిదండ్రులు కాపరి ఇంటికి వస్తారు. ఆ ఉత్తరానికి విలువ ఎక్కడిది?

రాజ్యాంగం 30వ అధికరణ మైనారిటీలకు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొనే హక్కునిచ్చింది. అందుకే మన బిడ్డలకు ముందుగా చోటివ్వగలుగుతున్నాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు పాఠశాలల్లో 25 శాతం సీట్లు బీద, వెనుకబడిన కుటుంబాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలంది. నర్సరీ ఉంటే అక్కడినుంచే. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ పాఠశాలలకు ఆ చట్టం వర్తించదని తీర్పిచ్చింది.

ఈ మినహాయింపు బీదల ఎదుట తలుపు మూయడానికి కాదు. నేనూ ఉత్తరాలు రాసినవాడినే. ఉత్తరం చేతిలో ఉన్నా, ఫీజు కట్టలేక వెనుదిరిగిన కూలితల్లిని చూశాను. చిన్నబిడ్డలను దగ్గరకు పిలిచిన ప్రభువుకు ఏమని జవాబు చెప్పుదుము?

స్కూలు కమిటీలకు మనవి: సీట్లెన్ని, ఎవరికి ముందు, బీదలకు ఉచితంగా ఎన్ని అన్నది ముందే రాసి నోటీసుబోర్డులో పెట్టండి. అప్పుడు కాపరి సిఫారసుకంటే నియమమే మాట్లాడుతుంది.