షాపుకి ఆల్ ఇన్ వన్ ప్రింటర్ కావాలా? ముందు కాలిక్యులేటర్ తీయండి

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ చూస్తాం. డబ్బు కట్టాక ఖర్చు దాదాపు అయిపోయినట్టే. ప్రింటర్ అలా కాదు. కొన్న రోజు నుంచే అసలు ఖర్చు మొదలవుతుంది. ఇంట్లో నెలకి ఓ యాభై పేజీలు తీసేవాళ్లకి ఏది కొన్నా నడిచిపోతుంది. పేజీకి రెండు రూపాయలు తీసుకునే షాపులో మాత్రం సరిపడని ప్రింటర్ పెడితే, పని ఎంత పెరిగితే నష్టం అంత పెరుగుతుంది.

మీ ఇంట్లో టెక్నాలజీ తెలిసింది మీకే అయితే, ప్రింటర్ వెతికే పని ఎప్పుడో ఒకప్పుడు మీ మీద పడుతుంది. నాకు మా బాబాయి దగ్గర్నుంచి వచ్చింది. ఆయన మండల కేంద్రంలో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నారు. "ఏరా, మంచి ప్రింటర్ ఒకటి చూసి పెట్టు. స్కానూ జిరాక్సూ అన్నీ దాంట్లోనే అయిపోవాలి" అన్నారు. నేను మోడల్ పేర్లు వెతకలేదు. ముందు ఆయన సెంటర్‌లో రోజూ ఏం పని జరుగుతుందో రాసుకున్నాను.

ముందు పని లెక్క

రోజుకి సుమారు 150 పేజీలు. నెలకి 26 రోజులు వేసుకుంటే 3,900. అందులో ఎక్కువ భాగం బ్లాక్ అండ్ వైట్: అప్లికేషన్లు, ఆధార్ జిరాక్సులు, హాల్ టికెట్లు. కలర్ కొంచెమే, కానీ రోజూ ఉంటుంది. స్కానింగ్ కూడా రోజూ ఉంటుంది, అప్పుడప్పుడూ పాత భూమి కాగితాలతో సహా. ఈ నాలుగు వాక్యాలు చేతిలో ఉంటే మార్కెట్లో సగం మోడళ్లు వాటంతటవే పక్కకి పోతాయి.

డబ్బా మీద 'మంత్లీ డ్యూటీ సైకిల్' అని పెద్ద అంకె కనిపిస్తుంది. అది మిషన్ ఒక నెలలో గరిష్ఠంగా తట్టుకోగలిగే పేజీలు. రోజూ వాడుకునే లెక్క కాదు. స్పెసిఫికేషన్లలో 'రికమెండెడ్ మంత్లీ వాల్యూమ్' అని ఇంకో అంకె ఉంటే దాన్ని చూడండి. చాలా చిన్నగా ఉంటుంది. మీ నెలవారీ పేజీలు దాని లోపల ఉండాలి.

మూడు రకాలు, మూడు ఖర్చులు

చిన్న ఆఫీసుకి దొరికే ఆల్ ఇన్ వన్ ప్రింటర్లు ప్రధానంగా మూడు రకాలు: కాట్రిడ్జ్ ఇంక్‌జెట్, ఇంక్ ట్యాంక్, మోనో లేజర్. కాట్రిడ్జ్ రకం మిషన్ చవకగా వస్తుంది, కాట్రిడ్జ్‌లే ఖరీదు. షాపు పనికి దాన్ని లిస్టులోంచి తీసేయొచ్చు. మిగిలిన రెండింటికి కంపెనీలు ఇచ్చిన పేజీ అంకెలతో లెక్క వేద్దాం. ధరలు మాత్రం లెక్క కోసం నేను అనుకున్నవి. మీరు కొనే రోజు ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

ఇంక్ ట్యాంక్: ఎప్సన్ ఎల్3250లో వాడే 003 బ్లాక్ ఇంక్ బాటిల్ 65 మి.లీ. కంపెనీ లెక్క ప్రకారం 4,500 పేజీలు. బాటిల్ రూ.450 అనుకుంటే పేజీకి 10 పైసలు.

మోనో లేజర్: బ్రదర్ టీఎన్-2365 టోనర్‌కి 2,600 పేజీలు. రూ.3,900 అనుకుంటే పేజీకి రూపాయిన్నర. ఈ మిషన్‌లో డ్రమ్ యూనిట్ విడిగా ఉంటుంది, దాదాపు 12,000 పేజీలకి మార్చాలి. రూ.6,000 అనుకుంటే ఇంకో 50 పైసలు.

రెండింటికీ పేపర్ ఖర్చు ఒకటే. 500 షీట్ల రీమ్ రూ.300 అయితే షీటుకి 60 పైసలు. మొత్తం కలిపితే ఇంక్ ట్యాంక్ పేజీ 70 పైసలు, ఒరిజినల్ టోనర్‌తో లేజర్ పేజీ రూ.2.60. కస్టమర్ దగ్గర రెండు రూపాయలు తీసుకుంటే నెలకి 3,900 పేజీల మీద మొదటిది రూ.5,070 మిగులుస్తుంది, రెండోది రూ.2,340 చేతినుంచి పెట్టిస్తుంది. కరెంటు, షాపు అద్దె ఇంకా కలపలేదు.

అందుకే లేజర్ ఉన్న షాపుల వాళ్లు టోనర్ రీఫిల్ చేయించుకుంటారు. 2,000 పేజీలకి రూ.400 అయినా లేజర్ పేజీ రూ.1.30కి దిగుతుంది. ఆ లెక్కతో బతకొచ్చు. కాకపోతే పొడి కారడం, ప్రింట్ మీద చారలు రావడం, వారంటీ దగ్గర పేచీ లాంటి రిస్కులు మీవే.

ఇంకో విషయం. ఈ పేజీ అంకెలు ఐఎస్‌ఓ టెస్ట్ పేజీల ఆధారంగా వస్తాయి. మోనో టోనర్‌కి వాడే టెస్ట్ పేజీలో నలుపు సుమారు 5 శాతమే ఉంటుంది. ఫొటో ఉన్న హాల్ టికెట్‌కి, నల్లగా వచ్చే జిరాక్స్‌కి అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. ఇంక్ ట్యాంక్‌లో మొదటి బాటిల్ కొంత పైపులు నింపడానికే పోతుంది. కాబట్టి మొదటి సెట్ చెప్పినన్ని పేజీలు ఇవ్వదు.

33 అంటే 10

ఎల్3250 స్పీడు చూస్తే 'నిమిషానికి 33 పేజీల వరకు' అని ఉంటుంది. అది డ్రాఫ్ట్ మోడ్. అదే ప్రింటర్‌కి ఐఎస్‌ఓ పద్ధతిలో కంపెనీ ఇచ్చే అంకె నలుపుకి నిమిషానికి 10, కలర్‌కి 5. రెండూ అబద్ధం కాదు, కానీ కౌంటర్ ముందు కస్టమర్ నిలబడి ఉన్నప్పుడు మీకు పనికొచ్చేది రెండోది. 40 పేజీల ప్రాజెక్ట్ రిపోర్ట్ బ్లాక్‌లో నాలుగు నిమిషాలు, కలర్‌లో ఎనిమిది. 30 పీపీఎం లేజర్‌కి అదే బ్లాక్ రిపోర్ట్ నిమిషంన్నర లోపు పని. కాలేజీ గేటు పక్కన, సబ్మిషన్ ముందురోజు క్యూ కట్టే చోట లేజర్ ఇప్పటికీ ఎందుకు బతికి ఉందో దీన్ని బట్టే తెలుస్తుంది.

స్కానర్ దగ్గరే అసలు తేడా

రివ్యూల్లో తక్కువగా మాట్లాడేది దీని గురించే. ఎల్3250 లాంటి బేసిక్ మోడళ్లలో ఏడీఎఫ్ ఉండదు, అంటే కాగితాల కట్ట పెడితే ఒక్కొక్కటే లాక్కుని స్కాన్ చేసే ట్రే. రెండువైపులా ఆటోమేటిక్‌గా ప్రింట్ చేసే డూప్లెక్స్ కూడా ఉండదు. 30 పేజీలు స్కాన్ చేయాలంటే మూత 30 సార్లు ఎత్తి దించాలి. బ్రదర్ డీసీపీ-టీ820డీడబ్ల్యూ లాంటి పై మోడళ్లలో ఈ రెండూ ఉంటాయి. ధర పెరుగుతుంది, కానీ ఆ తేడా మీ టైమ్‌కి కట్టే డబ్బు.

రెండోది సైజు. మామూలు ఆల్ ఇన్ వన్‌లో గ్లాస్ ఏ4కి సరిపోతుంది, పొడవు 297 మి.మీ. లీగల్ సైజు కాగితం 356 మి.మీ. అంటే రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ పెడితే దాదాపు ఆరు సెంటీమీటర్లు బయటే ఉండిపోతుంది. సంతకాలు చాలాసార్లు అక్కడే ఉంటాయి. చాలా మోడళ్లలో లీగల్ స్కాన్ ఏడీఎఫ్ ద్వారానే కుదురుతుంది. కానీ మడతలు పడిన పాత దస్తావేజుల్ని ఏడీఎఫ్‌లో పెట్టొద్దు. లోపల చిరిగితే కస్టమర్‌కి కొత్తది తెచ్చి ఇవ్వలేం. వాటిని గ్లాస్ మీద రెండు ముక్కలుగా స్కాన్ చేసుకోవడమే మేలు.

ఇక ఆధార్. కార్డు రెండు వైపులూ ఒకే పేజీ మీద తీసే ఐడీ కాపీ ఆప్షన్ చాలా మోడళ్లలో ఉంటుంది. దానికి ప్యానెల్ మీద విడిగా బటన్ ఉందా, మెనూలో నాలుగు మెట్లు దిగాలా చూడండి. రోజుకి ఇరవై సార్లు చేసే పని అది.

కరెంటు, ఇంకు, వారంటీ

లేజర్‌లో టోనర్ పొడిని కాగితానికి అతికించేది ఫ్యూజర్ వేడి. అందుకే ప్రింట్ చేసేటప్పుడు వందల వాట్లు లాగుతుంది. కంప్యూటర్ యూపీఎస్‌కి లేజర్ ప్రింటర్ తగిలించొద్దని చెప్పేది ఇందుకే. ఇంక్ ట్యాంక్‌కి పది ఇరవై వాట్లు చాలు. ఎండాకాలం కరెంటు పోయినా చిన్న ఇన్వర్టర్ మీద పని నడుస్తుంది.

ఇంక్ ట్యాంక్ బలహీనత వేరే ఉంది. వాడకుండా వదిలేస్తే హెడ్‌లో ఇంకు ఎండుతుంది. క్లీనింగ్ చేసిన ప్రతిసారీ ఇంకు ఖర్చు. వారానికి ఒక కలర్ పేజీ అయినా తీయాలి. రాత్రి షాపు మూసేటప్పుడు గోడ స్విచ్ కాకుండా ముందు ప్రింటర్ బటన్‌తో ఆపాలి. అప్పుడే హెడ్ దాని మూత కిందికి వెళ్లి కూర్చుంటుంది. క్లీనింగ్ ఇంకు చేరే మెయింటెనెన్స్ బాక్స్‌ని మనమే మార్చుకోవచ్చా, సర్వీస్ సెంటర్‌కి మోయాలా అన్నది కొనేముందే అడగండి.

వారంటీ కార్డులో 'ఇన్ని సంవత్సరాలు లేదా ఇన్ని పేజీలు, ఏది ముందైతే అది' అనే లైన్ ఉందేమో వెతకండి. ఉదాహరణకి 30,000 పేజీల పరిమితి ఉంటే, మా బాబాయి వాడకానికి అది ఎనిమిది నెలల్లోపే అయిపోతుంది. ఏడాది వారంటీ అని కాగితం మీద ఉన్నా ఉపయోగం లేదు.

షోరూంలో పావుగంట టెస్ట్

డెమో పేజీ చూసి మురిసిపోవద్దు. మీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనో ఫోన్‌లోనో తీసుకెళ్లండి.

1. చిన్న అక్షరాల తెలుగు పీడీఎఫ్ ఒకటి మీరు వాడే పేపర్ మీదే తీయండి. వత్తులు, గుడి, దీర్ఘాలు విడివిడిగా కనిపించాలి, ఇంకు పాకకూడదు.
2. ఆ ప్రింట్ మీద తడి వేలితో రాయండి. అక్షరం చెదిరితే వానాకాలంలో కస్టమర్ తిరిగొస్తాడు.
3. ఐడీ కాపీ ఒకటి తీసి, బటన్ నొక్కిన దగ్గర్నుంచి టైమ్ చూడండి.
4. ఏడీఎఫ్‌లో పది కాగితాలు పెట్టండి. రెండు కలిసి వెళ్తున్నాయా చూడండి.
5. 300 డీపీఐలో స్కాన్ చేసి, ఫైల్ సైజు ఎంతొచ్చిందో, తగ్గించే సెట్టింగ్ ఎక్కడుందో చూడండి. కొన్ని పోర్టళ్లు కేబీల్లోనే ఒప్పుకుంటాయి.
6. ఫోన్ నుంచి యాప్ లేకుండా ప్రింట్ ఇవ్వండి. ఆండ్రాయిడ్‌కి మోప్రియా, ఐఫోన్‌కి ఎయిర్‌ప్రింట్ సపోర్ట్ ఉంటే కుదురుతుంది.

చివరిగా ఏది?

నెలకి వెయ్యి పేజీల లోపు, స్కానింగ్ తక్కువ ఉన్న చిన్న ఆఫీసుకి: ఏడీఎఫ్ లేని బేసిక్ ఇంక్ ట్యాంక్ చాలు.

రోజూ వంద రెండొందల పేజీలు, కలర్ కొంచెం, స్కాన్ బాగా ఉన్న సెంటర్‌కి: ఏడీఎఫ్, డూప్లెక్స్ ఉన్న ఇంక్ ట్యాంక్. బాబాయికి నేను చెప్పింది ఇదే.

అంతా బ్లాక్, క్యూ ఎక్కువ, దగ్గర్లో నమ్మకమైన రీఫిల్ మనిషి ఉన్న షాపుకి: మోనో లేజర్. కలర్ కావాలంటే పక్కన చిన్న ఇంక్ ట్యాంక్.

కొన్నాక చేయాల్సింది ఒకటుంది. ఆ ప్రింటర్ గుండా ఊరందరి ఆధార్, బ్యాంకు కాగితాలు వెళ్తాయి. వై-ఫై ప్రింటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చండి, స్కాన్ ఫోల్డర్ ప్రతి రాత్రీ ఖాళీ చేయండి.